వాన హెచ్చరిక వచ్చినప్పుడు మిరప రైతు తీసుకోవలసిన జాగ్రత్తలు

తుఫాను హెచ్చరిక వెలువడిన నాడే తోటలోని కాలువలను పరిశీలించి, మొదళ్ల వద్ద నీరు ఒక్క పూట కూడా నిలవకుండా పల్లానికి దారి తీయాలి. పూర్తిగా పండిన కాయలను ముందే కోయించడం మంచిది. అయితే తొందరలో దోర కాయలను కూడా కలిపి కోస్తే అవి ఎండిన తరువాత తెల్లబారి తాలుగా మిగులుతాయి, గుంటూరు యార్డులో తాలుకు తక్కువ ధరే పలుకుతుంది.

అసలు నష్టం కళ్లంలోనే ఎక్కువ. మెరక చోటు ఎంచుకుని, చుట్టూ గాడి తవ్వి, నేల మీద పట్టా పరచిన తరువాతే కాయలు పోయాలి. రాత్రి కప్పిన పట్టాను ఉదయం మంచు ఆరగానే తీసివేయాలి. చెమ్మ చేరిన కుప్పలో చేయి పెడితే వెచ్చగా తగులుతుంది, కాయను చీల్చి చూస్తే గింజల చుట్టూ బూజు కనిపిస్తుంది. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రం పెరిగేది ఇటువంటి వెచ్చని తేమలోనే కనుక, అటువంటి కాయలను ఏరి పారవేయాలే తప్ప తుడిచి మంచివాటిలో కలపకూడదు.

తేమ 10–11 శాతానికి దిగిన తరువాతే గోతాలకు ఎత్తాలి. కాయ విరగకుండా ఉండాలని అప్పుడు నీళ్లు చల్లే అలవాటు మన దగ్గర ఉంది; ఇన్ని రోజులు ఎండబెట్టిన శ్రమను అది ఒక్క చెంబుతో పాడు చేస్తుంది.