చిన్న ఇళ్ల కోసం అభ్యంతరం రాయడం ఎలా?

ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీశాను. ఇల్లు పేదవాడికి అందకపోవడానికి సిమెంటు ధరతో పాటు నిబంధనలూ కారణమేనని అనుభవంతో చెబుతున్నాను. మీ పట్టణంలో ఎక్కడ ఏం, ఎలా కట్టాలో చెప్పే మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. ఆ అవకాశాన్ని వదలకండి.

ముందు స్కేలు పట్టుకుని స్థలం బొమ్మ గీసి లెక్క వేయండి. 60 గజాల స్థలం, 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, అంటే 540 చదరపు అడుగులు. ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా 3 అడుగుల చొప్పున ఖాళీగా వదలాలని నిబంధన ఉందనుకోండి. మిగిలేది 12 బై 22, అంటే 264 చదరపు అడుగులే! కొన్న నేలలో సగానికి పైగా గోడ బయటే ఉండిపోయింది. ఈ బొమ్మనే అర్జీకి జతచేయండి. పది వాక్యాల కంటే బలంగా పనిచేస్తుంది.

అర్జీలో "పేదలకు న్యాయం చేయండి" అని రాసి ఊరుకోకండి. ఏ పేజీలో ఏ నిబంధన, దాని బదులు ఏ అంకె కావాలో రాయండి. ఉదాహరణ చూపండి: తెలంగాణలో 2020 నాటి టీఎస్‌ బీపాస్‌ (ఇళ్ల అనుమతుల) చట్టం 75 గజాల వరకు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతి అక్కర్లేదంది, ఒక్క రూపాయితో నమోదు చాలంది.

గడువులోగా ఇవ్వండి. ఒకసారి నేను రసీదు తీసుకోలేదు, నా కాగితం ఎవరికీ దొరకలేదు. మీరు మాత్రం నకలు మీద తేదీ, ముద్ర వేయించుకున్నాకే కదలండి.