లైవ్ రీలోడ్ పెట్టాక తెలుగు పేజీలు సగంలో తెగాయి: నా అనుభవం

నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) సొంతంగా రాసుకున్న డెవలప్‌మెంట్ సర్వర్‌కి లైవ్ రీలోడ్ (ఫైలు సేవ్ చేయగానే బ్రౌజర్‌లో పేజీ తనంతట తానే మళ్లీ లోడవడం) కావాలంటే వెబ్‌సాకెట్ (రెండువైపులా కబుర్లు నడిచే కనెక్షన్) దాకా పోనక్కర్లేదు. కబురు సర్వర్ నుంచి ఒకవైపే వెళ్లాలి కాబట్టి సర్వర్-సెంట్ ఈవెంట్స్ చాలు. సర్వర్‌లో ఒక రూట్‌లో (ఒక యూఆర్‌ఎల్ దారిలో) కంటెంట్-టైప్ 'టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్' అని పంపి, కనెక్షన్ మూయకుండా ఉంచాలి. ఫైలు మారగానే 'డేటా: రీలోడ్', దాని వెనకే రెండు న్యూలైన్లు. ఒక్కటే పెడితే బ్రౌజర్ ఉలకదు, పలకదు.

బ్రౌజర్ వైపు ఆ కబురు వినే ఈవెంట్‌సోర్స్ స్క్రిప్టు రెండు మూడు లైన్లే. బాడీ ముగింపు ట్యాగ్‌కి ముందు దాన్ని సర్వరే అతికిస్తుంది. అసలు తంటా ఇక్కడే. ఇంగ్లిష్ పేజీలు బాగానే వచ్చాయి, తెలుగు పేజీలు మాత్రం మధ్యలో తెగిపోయాయి. స్క్రిప్టు కలిపాక కంటెంట్-లెంగ్త్ (పేజీ ఎన్ని బైట్లో బ్రౌజర్‌కి చెప్పే హెడర్) మళ్లీ లెక్కకట్టేటప్పుడు బైట్ల బదులు స్ట్రింగ్ లెంగ్త్ ఇవ్వడమే తప్పు; చెప్పినన్ని బైట్లు అందగానే బ్రౌజర్ చదవడం ఆపేస్తుంది. 'క్ష' స్ట్రింగ్ లెక్కలో 3, యూటీఎఫ్-8లో 9 బైట్లు. బైట్లు లెక్కపెట్టే బఫర్ డాట్ బైట్‌లెంగ్త్ వాడాక పేజీ మొత్తం వచ్చింది.

ఒక్క సేవ్‌కి రెండు మూడు రీలోడ్‌లు అవుతుంటే 100 మిల్లీసెకన్ల టైమర్ పెట్టి, ఫైలు మారిన కొత్త ఈవెంట్ వచ్చినప్పుడల్లా దాన్ని మొదటికి తిప్పాలి; టైమర్ పూర్తయ్యాకే రీలోడ్ కబురు పంపాలి. కొన్ని ఎడిటర్లు తాత్కాలిక ఫైలు రాసి పేరు మారుస్తాయి. అందుకే ఫైలు మీద కాదు, ఫోల్డర్ మీద నిఘా పెట్టాలి.

ఇంకొకటి: హెచ్‌టీటీపీ 1.1లో క్రోమ్ ఒక్కో హోస్ట్‌కి 6 కనెక్షన్లే ఇస్తుంది. ఒక్కో ట్యాబ్ ఈ లైవ్ రీలోడ్ కోసం ఒక కనెక్షన్ పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఆరు ట్యాబ్‌లు తెరిచి ఉంటే ఏడోది తిరుగుతూనే ఉంటుంది. సర్వర్‌ని తిట్టుకోకుండా ఒక ట్యాబ్ మూసేయండి.