లినక్స్ మన చేతుల్లో – 7వ పాఠం: /బూట్‌లో జాగా చాలకపోతే

పోయిన పాఠంలో డిస్కును పార్టిషన్లుగా ఎలా విడగొడతారో, దేన్ని ఎక్కడ మౌంట్ చేస్తారో చూశాం. వాటిలో /బూట్ అంటే మెషిన్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే చోటు. చిన్నది, ఎవరూ పట్టించుకోనిది. ఒకరోజు అప్‌డేట్ నడుస్తుండగా టెర్మినల్‌లో 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైజ్' అని పడుతుంది. వెనకే, ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ ఎర్రర్ కోడ్ 1 అంటుంది. ఇక అప్పటినుంచి ఏ చిన్న ప్రోగ్రాం ఎక్కించబోయినా అదే పాట.

ఆదేశాలను ఎప్పటిలాగే పలికినట్టు రాస్తున్నాను. మీరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. పాఠమంతా ఉబుంటు, డెబియన్ల లెక్కలో చెబుతున్నాను.

ఈసారి మన ముందు రెండు మెషిన్లున్నాయి. ఒకటి తిరుపతి లీలామహల్ సెంటర్ దగ్గర ఒక ఆన్‌లైన్ సర్వీసుల షాపులోది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు బుక్ చేసి ప్రింటు తీసివ్వడం, ఆధార్ స్కాన్లు, పరీక్షల దరఖాస్తులు, అంతా దానిమీదే. జనాల ఆధార్ కాపీలుంటాయి కాబట్టి డిస్కును ఎన్‌క్రిప్ట్ చేశారు. ఎప్పుడో ఉబుంటు 16.04 నాడు వేసింది, మీదమీద అప్‌గ్రేడ్ చేసుకుంటూ 22.04కు వచ్చింది. రెండోది ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఒక పీజీ కుర్రాడి లాప్‌టాప్. దానికి ఎన్‌క్రిప్షన్ లేదు, అయినా ఎవరో అలవాటుకొద్దీ /బూట్ విడిగా పెట్టేశారు.

షాపాయన మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న: "ఏమి సామీ, డిస్కు 500 జీబీ ఉండాది, సగం ఖాళీనే. జాగా లేదంటా ఉండాదేమి ఇది?"

ఇలా కొట్టి చూడండి:

డీఎఫ్ -హెచ్ / /బూట్

రెండు వరుసలొస్తాయి. షాపు మెషిన్‌లో మొదటిది 200 జీబీకి పైగా ఖాళీ అంది. రెండోది మొత్తం 488 ఎంబీ, వాడకం 100 శాతం అంది. 512 ఎంబీ పార్టిషన్ ఫార్మాట్ అయ్యాక మిగిలేది అంతే. పార్టిషన్లు వేరైతే ఖాళీలూ వేరే. /బూట్/ఈఎఫ్ఐ అని ఇంకో వరుస కనిపించే మెషిన్లూ ఉంటాయి. అది ఫ్యాట్32 పార్టిషన్, దాని పని వేరు, అందులోని ఫైళ్లను చేత్తో ముట్టొద్దు.

విడిగా ఎందుకు పెట్టారంటే, ఒకప్పటి బయోస్‌లు డిస్కులో మొదటి 1024 సిలిండర్లు దాటి చదవలేకపోయేవి. అంటే సుమారు 8 జీబీ. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం కెర్నెల్, అది ఆ లోపలే ఉండాలి కాబట్టి డిస్కు మొదట్లో చిన్న పార్టిషన్ కట్టేవాళ్లు. ఆ కాలం పోయింది. ఇప్పుడు మిగిలిన గట్టి కారణం ఎన్‌క్రిప్షన్: పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామే తాళం లోపల ఉంటే తాళం తీసేదెవరు? అందుకని కెర్నెల్ బయట ఉండాలి. ఈ లెక్కన షాపు మెషిన్‌కు విడి /బూట్ కావాలి, కుర్రాడి లాప్‌టాప్‌కు అక్కర్లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనిమీదే దారులు చీలతాయి.

లోపల ఏముంది

ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్

ఒక్కో కెర్నెల్‌కు నాలుగు ఫైళ్లు. వీఎమ్‌లినజ్ అంటే కెర్నెల్, షాపు మెషిన్‌లో 11 ఎంబీ. సిస్టమ్.మ్యాప్ 6 ఎంబీ. కాన్ఫిగ్ కేబీల్లోనే, లెక్కలోకి రాదు. నాలుగోది ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ, 105 ఎంబీ. జాగా తినేది అదొక్కటే. అసలు రూట్ ఫైల్ సిస్టమ్, అంటే / పార్టిషన్, తెరుచుకునే దాకా కెర్నెల్‌కు కావలసిన డ్రైవర్లు, పాస్‌వర్డ్ అడిగే పనిముట్లు అన్నీ కట్టిన మూట అది. గ్రాఫిక్స్ కార్డుల ఫర్మ్‌వేర్ చేరితే ఇంకా ఉబ్బుతుంది.

ఒక కెర్నెల్‌కు సుమారు 122 ఎంబీ. మూడుంటే 366. నాలుగోది వస్తే 488. కెర్నెల్‌ను లేపే ప్రోగ్రాం గ్రబ్, దాని సొంత ఫైళ్లకే కొన్ని ఎంబీలు పోతాయి కాబట్టి నాలుగోది పట్టదు. షాపు మెషిన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 5.15.0 వరుసలో -91, -94, -97 ఉన్నాయి, -100 దిగుతుండగా ఆగిపోయింది.

ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఉన్న ఇనిట్‌ఆర్‌డీని తాజా చేసేటప్పుడు కూడా అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ పాతదాని మీద రాయదు. పక్కన .న్యూ అన్న తోకతో కొత్త ఫైలు కట్టి, అది పూర్తయ్యాక పేరు మారుస్తుంది. కొత్త బిందె నిండితేగానీ పాత బిందె ఒలకబోయని ఇల్లాలి పద్ధతి. మంచి పద్ధతే, మధ్యలో కరెంటు పోయినా పాతది భద్రంగా ఉంటుంది. కానీ దానికి ఎప్పుడూ ఇంకో 105 ఎంబీ ఖాళీ కావాలి. కొత్త కెర్నెల్ రాకపోయినా, ప్రాసెసర్ మైక్రోకోడ్ ప్యాకేజీ ఒకటి అప్‌డేట్ అయిన రోజున కూడా ఇదే ఎర్రర్ రావడానికి కారణమిదే. సగంలో ఆగిన .న్యూ ఫైలు ఒక్కోసారి అక్కడే పడి ఉంటుంది. కనిపిస్తే దాన్ని నిక్షేపంగా తీసేయొచ్చు.

ఇంకో సలహా కూడా మీ చెవిన పడి ఉంటుంది: ట్యూన్2ఎఫ్ఎస్‌తో రిజర్వు బ్లాకులు సున్నా చేస్తే 5 శాతం కలిసొస్తుందని. డీఎఫ్ చూపించే అంకె పెరుగుతుంది, నిజమే. అయితే ఆ రిజర్వు ఉన్నదే రూట్ అనే అడ్మిన్ యూజర్ కోసం. /బూట్‌లో రాసేది ఎటూ రూటే. ఒరిగేదేమీ లేదు.

ఖాళీ చేయడం

ముందు ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో చూడండి:

యూనేమ్ -ఆర్

వచ్చిన నంబరును కాగితం మీద రాసుకోండి. దాన్ని ముట్టకూడదు. షాపులో -97 వచ్చింది. మామూలు రోజుల్లో అయితే పని ఒక్క లైను:

సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్

ఇది నడుస్తున్నదాన్నీ, అన్నిటికన్నా కొత్తదాన్నీ అట్టిపెట్టి పాతవి తీసేస్తుంది. మీరు చేత్తో విడిగా ఎక్కించుకున్న కెర్నెల్‌ను మాత్రం తీయదు. అలాంటివి ఏపీటీ-మార్క్ షోమాన్యువల్ జాబితాలో కనిపిస్తాయి.

కానీ సగం ఎక్కిన కెర్నెల్ అడ్డంగా ఉన్నప్పుడు ఏపీటీ ముందు దాన్నే పూర్తి చేయబోతుంది. జాగా లేక మళ్లీ పడిపోతుంది. చుట్టూ తిరిగి అక్కడికే. అప్పుడు ఏపీటీని పక్కనపెట్టి నేరుగా డీపీకేజీకి చెప్పాలి. అన్నిటికన్నా పాతది -91 కాబట్టి:

సుడో డీపీకేజీ --పర్జ్ లినక్స్-ఇమేజ్-5.15.0-91-జెనెరిక్ లినక్స్-మాడ్యూల్స్-5.15.0-91-జెనెరిక్ లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-5.15.0-91-జెనెరిక్

మూడూ ఒకే లైనులో ఇవ్వండి. ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డవి, వరస తప్పి విడివిడిగా ఇస్తే ఒప్పుకోదు. ఇమేజ్ పోతూ తన ఇనిట్‌ఆర్‌డీని కూడా తీసుకుపోతుంది. తర్వాత ఆగిపోయిన పనిని సాగనివ్వండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

డీపీకేజీ కూడా మొండికేస్తే ఆఖరి ఉపాయం ఉంది. పాత కెర్నెల్ ఇనిట్‌ఆర్‌డీని ఎంవీతో /రూట్‌లోకి తాత్కాలికంగా తరలించండి, ఒక్కసారిగా 105 ఎంబీ తెరుచుకుంటుంది. ఇనిట్‌ఆర్‌డీ ప్యాకేజీలోంచి వచ్చిన ఫైలు కాదు, మన మెషిన్ మీదే తయారైంది. అది పోయినా అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -సీ -కే తర్వాత నంబరు ఇస్తే మళ్లీ కట్టుకోవచ్చు. వీఎమ్‌లినజ్ అట్లా కాదు. దాన్ని ఆర్ఎంతో తుడిచేస్తే డీపీకేజీ లెక్కల్లో ఉంటుంది, డిస్కు మీద ఉండదు. ఆ చిక్కు తెచ్చుకోవద్దు.

పని అయిందనుకొని వెంటనే రీస్టార్ట్ కొట్టకండి. ముందు ఎల్ఎస్ ఇంకోసారి చూడండి. ప్రతి వీఎమ్‌లినజ్‌కు అదే నంబరుతో ఇనిట్‌ఆర్‌డీ ఉందా? -100కు లేకుండానే రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద కెర్నెల్ ప్యానిక్ పడుతుంది, 'అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)' అని. పడినా కంగారొద్దు. మెషిన్ లేస్తున్నప్పుడు పాత బయోస్ అయితే షిఫ్ట్, దాని తర్వాత వచ్చిన యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో లేపి, కొత్తదానికి ఇనిట్‌ఆర్‌డీ కట్టండి. ఇందుకే ఎప్పుడూ రెండు కెర్నెళ్లు ఉంచమంటాను. దర్శనం టికెట్ల కోటా వదిలే పొద్దున షాపు ముందు జనం నిలబడ్డాక ఈ నల్ల తెర వస్తే ఎంత పాఠం చదివినా చేతులు వణుకుతాయి.

మూటను చిన్నది చేయడం

/ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్ ఫైలు తెరవండి. అందులో రెండు లైన్లు మనకు పనికొస్తాయి. కంప్రెస్ అన్న లైనులో జెడ్‌స్టాండర్డ్ ఉంటుంది, ఫైల్లో జెడ్‌ఎస్‌టీడీ అనే నాలుగక్షరాలు. దాన్ని ఎక్స్‌జెడ్ చేస్తే మూట బాగా తగ్గుతుంది. కట్టడానికి ఎక్కువసేపు పడుతుంది, లేచేటప్పుడు కాస్త నెమ్మది. పొద్దున ఒకసారి ఆన్ చేసే షాపు మెషిన్‌కు అదొక లెక్కా?

రెండోది మాడ్యూల్స్. మామూలుగా మోస్ట్ అని ఉంటుంది, అంటే ఏ మెషిన్‌లో పెట్టినా లేచేలా దాదాపు అన్ని డ్రైవర్లూ. దాన్ని డెప్ చేస్తే ఈ మెషిన్‌కు కావలసినవే. తగ్గింపు దీనితోనే ఎక్కువ. అయినా షాపుల్లో దీన్ని నేను పెట్టనివ్వను. మదర్‌బోర్డు పోతే మన ఊళ్లో మొదట చేసే పని హార్డ్‌డిస్కు ఊడదీసి పక్క సీపీయూకు తగిలించడం. డెప్ పెట్టిన డిస్కు ఆ కొత్త చోట లేవకపోవచ్చు. లాప్‌టాప్ వాళ్లకు ఆ బెడద తక్కువ, పెట్టుకోండి.

మార్చాక:

సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్

పెద్దది చేయడమే కావాలంటే

షాపు మెషిన్ విషయంలో నా మాట: చేయొద్దు. /బూట్ డిస్కు మొదట్లో ఉంది, దాన్ని అంటుకునే ఎన్‌క్రిప్ట్ చేసిన భాగం మొదలవుతుంది. /బూట్ పెరగాలంటే ముందు ఆ భాగాన్ని లోపలినుంచి కుదించాలి: ఫైల్ సిస్టమ్, దాని చుట్టూ ఎల్‌వీఎం (డిస్కు జాగాను పంచే పొర), దాని చుట్టూ ఎన్‌క్రిప్షన్. ఆ తర్వాత దాని మొదలును డిస్కు చివరి వైపు జరపాలి. జరపడమంటే అందులో ఉన్నదంతా చదివి మళ్లీ రాయడమే. పాత హార్డ్‌డిస్కు మీద గంటల పని. ఎండాకాలం సాయంత్రం గాలివాన లేచి కరెంటు పోతే షాపు యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో షాపాయనకే తెలుసు. పైన చెప్పినట్టు రెండు కెర్నెళ్లు, ఎక్స్‌జెడ్ మూటతో 488 ఎంబీలో హాయిగా బతకొచ్చు. వచ్చేసారి కొత్త ఎల్‌టీఎస్‌కు (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్‌కు) వెళ్లేటప్పుడు బ్యాకప్ తీసి, /బూట్‌కు కనీసం 1 జీబీ, వీలైతే 2 జీబీ ఇచ్చి మొదటినుంచి వేసుకుంటే సరి.

కుర్రాడి లాప్‌టాప్ సంగతి వేరు. విడి /బూట్ అక్కర్లేదన్నాం కదా, దాన్ని రూట్‌లో కలిపేద్దాం. ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి. ఆ తర్వాత వరసగా:

సుడో యూమౌంట్ /బూట్/ఈఎఫ్ఐ
సుడో సీపీ -ఏ /బూట్ /బూట్-కాపీ
సుడో యూమౌంట్ /బూట్
సుడో సీపీ -ఏ /బూట్-కాపీ/. /బూట్/

మూడో లైను తర్వాత /బూట్ ఖాళీగా కనిపిస్తుంది, భయపడకండి. ఫైళ్లు పాత పార్టిషన్‌లో అలాగే ఉన్నాయి. ఇప్పుడు /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో /బూట్ లైను ముందు # గుర్తు పెట్టండి. /బూట్/ఈఎఫ్ఐ లైనును కదిలించొద్దు. తర్వాత:

సుడో మౌంట్ -ఏ
సుడో గ్రబ్-ఇన్‌స్టాల్
సుడో అప్‌డేట్-గ్రబ్

పాత బయోస్ మెషిన్ అయితే ఈఎఫ్ఐ లైను ఉండదు, గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్కు పేరు ఇవ్వాలి. /డెవ్/ఎస్‌డీఏ అని డిస్కు పేరే ఇవ్వండి, ఎస్‌డీఏ1 అని పార్టిషన్ పేరు ఇవ్వకండి. కొందరు అప్‌డేట్-గ్రబ్ ఒక్కటే కొట్టి గ్రబ్-ఇన్‌స్టాల్ వదిలేస్తారు. అప్పుడు గ్రబ్ ఇంకా పాత పార్టిషన్ యూయూఐడీనే (గుర్తింపు సంఖ్యనే) పట్టుకుని అక్కడి మెనూనే చదువుతుంటుంది. చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి, మెషిన్ లేస్తుంది కూడా. కొత్త కెర్నెల్ వచ్చిన రోజున మెనూలో అది కనపడదు. కుర్రాడు పాత పార్టిషన్‌ను తుడిచేసిన రోజున మెనూయే రాదు. అందుకని రీస్టార్ట్ అయ్యాక డీఎఫ్ -హెచ్ /బూట్ కొట్టి, రూట్ పార్టిషన్ పేరు వస్తోందో లేదో చూడండి. ఒక కెర్నెల్ అప్‌డేట్ సాఫీగా దాటేదాకా పాత 512 ఎంబీ పార్టిషన్‌ను ముట్టుకోవద్దు.

ఇంటిపని: మీ మెషిన్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి, వచ్చిన చెట్టును నోట్‌బుక్‌లో ఎక్కించండి. /బూట్ విడిగా ఉందా, ఉంటే దాని తర్వాత అంటుకుని ఏముంది, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు జాగా) ఎక్కడుంది అన్నవి పక్కన రాయండి. స్వాప్ ఎన్‌క్రిప్షన్ బయట విడి పార్టిషన్‌గా ఉన్నవాళ్లకు ఇంకో సులువైన దారి ఉంది. దాన్నే కొత్త /బూట్‌గా మార్చి, స్వాప్‌ను ఫైలుగా పెట్టుకోవడం. 8వ పాఠంలో అదే చేస్తాం, పెన్‌డ్రైవ్‌లో లైవ్ ఉబుంటు వేసుకుని రండి.