మూడు కొటేషన్లు, ఒకే రేకుల కప్పు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మేడ మీది సిమెంటు రేకులు సగం పగిలిపోయాయి. అతుకులతో నెట్టుకొచ్చి, మొన్న మొత్తం తీసేసి రంగు పూసిన లోహపు రేకులు వేయిద్దామని ముగ్గురిని అడిగాను. ఒకరు చదరపు అడుగుకు 150 రూపాయలన్నారు, ఇంకొకరు అన్నీ కలిపి 1,12,000 అన్నారు. మూడో ఆయన ఇనుము కిలో లెక్క, రేకు అడుగు లెక్క. ఏది చవకో తేలక టెన్షన్ పట్టుకుంది.

మా కప్పు 600 చదరపు అడుగులు. మొదటాయన లెక్క 90,000 దగ్గర తేలింది, కానీ 18 శాతం జీఎస్టీ విడిగా. అది కలిపితే 1,06,200. పాత రేకులు దింపడం, నడికప్పు రేకు (రెండు వాలులు కలిసే చోట పైన కప్పేది) కూడా అందులో లేవు. అవి చేర్చేసరికి రెండో ఆయన్ని దాటేసింది!

తర్వాత రేకు మందం. "మేస్త్రిగారూ, ఈ 0.50 మిల్లీమీటర్లు రంగుతో కలిపా, ఉత్త రేకా?" అని అడిగాను. రంగుతో కలిపేనట. తెలిసినవాళ్ల స్క్రూ గేజ్ తెచ్చి శాంపిల్ ముక్క అంచు కొలిస్తే 0.45 చూపించింది. అందుకే మందం, అడ్డ పైపుల మధ్య దూరం, రబ్బరు వాషరున్న స్క్రూలు, అన్నీ ఒకే కాగితం మీద రాసి ముగ్గురికీ ఇచ్చి, మళ్లీ ధర రాయించుకున్నాను. మా వైపు గాలికి ముందు లేచేది అంచులే, అక్కడ స్క్రూలు దగ్గరగా వేయాలని కూడా రాశాను.

పని రెండో ఆయనకే ఇచ్చాను. పాత సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్బెస్టాస్ (నార లాంటి ఖనిజం) ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి దింపించాను.