బెణికిందా, విరిగిందా, తెగిందా? గ్రౌండ్‌లో దెబ్బ తగిలినప్పుడు చేత్తో చూసే పద్ధతి

సంక్రాంతి వచ్చిందంటే మా వైపు, ఇచ్ఛాపురం నుంచి పాతపట్నం దాకా, అటు ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్ వరకూ ఊరూరా కబడ్డీ, వాలీబాల్ పోటీలే. నేను ఫిజియోని, ఆ గ్రౌండ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం చాలా ఏళ్ళ నుంచి అలవాటు. ఎక్స్‌రే కావాలంటే టౌన్‌కి పోవాలి, ఎంఆర్ఐ అంటే ఎక్కువమంది శ్రీకాకుళమో బరంపురమో పోతారు, రాత్రి పదింటికి బండి దొరకడమే కష్టం. కాబట్టి ఎవడిని ఈ రాత్రే పంపాలి, ఎవడు రెండు రోజులు ఆగొచ్చు అన్నది మన చేతులే చెప్పాలి. పీఈటీ మాస్టార్లు, టీమ్ కెప్టెన్లు, కొత్తగా వచ్చిన ఫిజియో పిల్లలు అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఇది

మనం దేనికైనా "బెణికింది" అంటాం, ఒడియా పిల్లలు "మొకొచి గొలా" అంటారు. లిగమెంటు (ఎముకని ఎముకతో కట్టి ఉంచే పట్టీ) సాగినా, ఎముక చిట్లినా, కండ చిరిగినా అదే మాట, అందుకే మాట పట్టుకోవద్దు, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి. ఎలా పడ్డాడు, టప్‌మని చప్పుడైందా, వాపు ఎంతసేపట్లో వచ్చింది, లేచి మళ్ళీ ఆడగలిగాడా అని అడగండి. తర్వాత రెండు కాళ్ళూ కనపడేలా బట్ట పైకి లాగి, బాగున్న కాలు ముందు పట్టుకోండి. ఒక్కొక్కడి కీళ్ళు పుట్టుకతోనే వదులుగా ఉంటాయి, వాడికి ఏది మామూలో బాగున్న కాలే చెప్తుంది. నొప్పి ఉన్న చోటు చివర్న ముట్టుకోవాలి, ముందే నొక్కేస్తే వాడు కండలు బిగపట్టేస్తాడు, ఇంక ఏ టెస్టూ నిజం చెప్పదు.

మెడ నొప్పి అన్నా, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కాయి అన్నా ఇవేవీ చెయ్యొద్దు, కదపకుండా అంబులెన్సు పిలవండి.

సమస్య: "అన్నాయ్, కాలు మడత పడిపోయింది, అడుగెయ్యలేకపోతన్నాను"

కారణం ఎక్కువసార్లు చీలమండ బయటివైపు, ముందు భాగంలో ఉండే లిగమెంటు సాగడం. కానీ ఎముక విరిగిందేమో అన్నది ముందు తేల్చాలి. దీనికి 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టరు, ఆయన టీమూ పెట్టిన రూల్స్ ఉన్నాయి, మనలాంటి చోట్లకి బంగారం లాంటివి. బయట చీలమండ ఎముక కొస నుంచి పైకి 6 సెంటీమీటర్లు, వెనక అంచు వెంబడి వేలితో నొక్కుకుంటూ పోండి, లోపలి వైపు చీలమండకీ అలాగే. తర్వాత చిటికెన వేలి వైపు పాదం మధ్యలో బయటికి పొడుచుకొచ్చినట్టుండే ఎముక, లోపలివైపు పాదం వంపు మీదున్న నావిక్యులర్ ఎముక. వీటిలో ఏ ఒక్కచోట ఎముక మీదే నొప్పి ఉన్నా, లేదా పడ్డప్పుడూ ఇప్పుడూ కుంటుతూ అయినా 4 అడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రేకి పంపాలి. ఇవేవీ లేకపోతే విరిగే అవకాశం చాలా తక్కువ. చాలామంది చీలమండకి ముందువైపున్న గుంటలో నొక్కి "అమ్మో విరిగింది" అంటారు, అక్కడ నొప్పి లిగమెంటుది. ఎదిగే పిల్లలకైతే ఎముక మీద నొప్పి అంటే చాలు ఎక్స్‌రే తీయించండి, వాళ్ళకి లిగమెంటు కన్నా ఎముక ఎదిగే చోటు బలహీనం.

ఇంకొకటి, పిక్క మధ్యలో రెండు ఎముకల్నీ కలిపి పిండండి, నొప్పి కింద చీలమండ దగ్గర వస్తే రెండు ఎముకల్నీ కలిపి పట్టుకునే లిగమెంటు దెబ్బతింది, ఇది మామూలు బెణుకు కన్నా చాలా రోజులు తీసుకుంటుంది.

పరిష్కారం: గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తులో పెట్టడం. మొదటి రెండు మూడు రోజులు వేడి నూనెతో తోముడు వద్దు, చేతులెత్తి చెప్తున్నాను, లోపల రక్తం కారుతున్నప్పుడు తోమితే వాపు ఇంకా పెరుగుతుంది. లిగమెంటు పూర్తిగా తెగిందా అన్నది ఆ రోజు కన్నా 4, 5 రోజుల తర్వాత వాపు తగ్గాక చూస్తే బాగా తెలుస్తుంది, అందుకే మళ్ళీ రమ్మనండి.

సమస్య: "టప్‌మంది, మోకాలు జారిపోయింది"

కబడ్డీలో రైడర్ ఒక్కసారిగా తిరిగినప్పుడు, వాలీబాల్‌లో ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు ఇదే మాట. వాపు టైము చూడండి. రెండు గంటల్లోపే మోకాలు బిగుసుకుపోయి ఉబ్బితే లోపల రక్తం చేరింది, ఏసీఎల్ (కింది కాలు ఎముక ముందుకి జారకుండా మోకాలి లోపల పట్టుకునే లిగమెంటు) తెగిందనే ముందు అనుమానించాలి. మర్నాటికి మెల్లగా వస్తే మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది) చిరిగి ఉండొచ్చు.

చేత్తో చూసేది లాక్‌మన్ టెస్టు. పడుకోబెట్టి, మోకాలు 20 నుంచి 30 డిగ్రీలు మాత్రమే వంచి, ఒక చేత్తో తొడ కింది భాగం కదలకుండా పట్టుకుని రెండో చేత్తో కింది కాలుని ముందుకి లాగాలి. బాగున్న కాలు టక్కున ఆగుతుంది, తెగినది మెత్తగా సాగుతూ పోతుంది. ఆ ఆగడం చేతికి తెలియాలంటే బాగున్న మోకాళ్ళు పదుల కొద్దీ పట్టి చూడాలి, వేరే దారి లేదు. 90 డిగ్రీలు వంచి పాదం మీద కూర్చుని లాగే పాత పద్ధతి కొత్త దెబ్బకి పనికిరాదు, వాచిన మోకాలు అంత వంగదు, తొడ వెనక కండ కూడా బిగుసుకుని ఎముకని వెనక్కే లాగి పెడుతుంది, అంతా బాగుందని మోసపోతాం.

మోకాలు పూర్తిగా చాపలేక మధ్యలో ఇరుక్కుంటే మెనిస్కస్ ముక్క అడ్డుపడి ఉంటుంది, బలంగా చాపొద్దు. పడుకుని కాలు నిటారుగా పైకి లేపలేకపోతే చిప్ప విరిగిందో, దాని పైనో కిందో నరం (కండని ఎముకకి కట్టే టెండన్) తెగిందో చూడాలి, ఇది ఆ రోజే ఆసుపత్రికి. మోకాలు అన్ని వైపులకీ వదులైపోతే అసలు ఆగొద్దు, కీలు తప్పి తిరిగి దానంతటదే కూర్చుని ఉండొచ్చు, మోకాలి వెనక రక్తనాళం తెగితే కొన్ని గంటల్లోనే కాలు పోతుంది. పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి చూడండి, నాడి తగిలినా సరే పంపండి.

పరిష్కారం: ఒక్క ఏసీఎల్ అయితే ఆ రాత్రే ఆపరేషన్ అక్కర్లేదు. బ్రేసు, చంక కర్రలు, ఐసు, వారంలోపు ఆర్థో డాక్టరు. నాకు కడుపు మండేది ఎక్కడంటే, మూడు వారాలకి వాపు తగ్గి నడక బాగానే ఉంటుంది, గుంటడు "తగ్గిపోయింది మాస్టారూ" అని మళ్ళీ కోర్టులో దిగుతాడు, మళ్ళీ జారుతుంది, ఈసారి మెనిస్కస్ కూడా చిరుగుతుంది. జారిన మోకాలికి నొప్పి తగ్గడం అంటే బాగవడం కాదని ఇంట్లో అమ్మానాన్నలకి కూడా చెప్పండి.

సమస్య: "వెనక నుంచి ఎవరో తన్నినట్టుంది"

వెనక ఎవరూ ఉండరు, మడమ వెనకున్న లావు నరం (అకిలిస్ టెండన్) తెగిందేమో చూడాలి. బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు బయటికి పెట్టి పిక్క పిండండి. బాగున్న పాదం కిందికి వంగుతుంది, తెగితే కదలదు. "వాడు పాదం ఆడిస్తన్నాడు కదా" అని వదిలెయ్యొద్దు, వేరే నరాలతో కొంచెం ఆడించగలరు. మడమ నరం తెగితే పాదం కిందికి వంచి కట్టుకట్టి ఒకటి రెండు రోజుల్లో ఆర్థో దగ్గరికి పంపాలి.

సమస్య: "చెయ్యి ఆనించి పడ్డాను, ఎక్స్‌రే నార్మల్ అన్నారు, ఇంకా నొప్పే"

బొటనవేలు పైకి ఎత్తితే దాని మొదట్లో రెండు నరాల మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కండి, నొప్పి ఉంటే స్కాఫాయిడ్ (మణికట్టులో బొటనవేలి వైపుండే చిన్న ఎముక) విరిగిందనే అనుకోవాలి. మొదటి ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు. బొటనవేలు కూడా కలిపి కట్టు వేసి 10 నుంచి 14 రోజులకి మళ్ళీ తీయించాలి. ఈ ఎముకకి రక్తం వేలి వైపు నుంచి వెనక్కి వస్తుంది, మధ్యలో విరిగితే మణికట్టు వైపు ముక్కకి రక్తం అందక ఆ ముక్క చచ్చిపోవచ్చు. మా వాలీబాల్ కుర్రాడొకడు రిపోర్టు నార్మల్ అన్నారని సీజనంతా ఆడాడు, నా దగ్గరికి వచ్చేసరికి ఎముక అతుక్కోలేదు, బిందె కూడా ఎత్తలేకపోయేవాడు. ఆ గుంటలో ఎవరో ఒక్కరు వేలు పెట్టి చూసుంటే సరిపోయేది.

సమస్య: భుజం మూల చదునుగా అయిపోయింది

కీలు తప్పింది. గ్రౌండ్‌లో లాగి కూర్చోబెట్టొద్దు. చేతి పైభాగం బయటివైపు స్పర్శ తెలుస్తోందా, మణికట్టు నాడి ఉందా చూసి, గుడ్డతో వేలాడగట్టి పంపండి.

సమస్య: ఆర్మీ, పోలీసు సెలక్షన్‌కి పరిగెడుతుంటే ముంగాలు నొప్పి

ఎముక లోపలి అంచు వెంబడి వేలితో కిందికి రండి. జానెడు మేర అంతా నొప్పి అయితే షిన్ స్ప్లింట్స్, పరుగు తగ్గించి, మెత్తటి నేల చూసుకుంటే తగ్గుతుంది. రూపాయి బిళ్ళంత ఒకే చోట ప్రాణం పోయేలా ఉండి, ఒంటికాలి మీద గెంతితే అక్కడే పొడిస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే ఒత్తిడి పడి ఎముక చిట్లడం), మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, పరుగు ఆపి డాక్టరుకి చూపించాలి. పడుకున్నప్పుడు కూడా రాత్రిళ్ళు నొప్పి, గట్టిగా గడ్డ తగలడం ఉంటే ఆట దెబ్బ అనుకుని కూర్చోవద్దు, వెంటనే చూపించండి.

ఎవరిని పంపినా చీటీ మీద టైము, ఎలా పడ్డాడు, ఎక్కడ నొప్పి, నాడి ఉందా, నడిచాడా, మీరేం టెస్టు చేశారు అని రాసి జేబులో పెట్టండి, బరంపురం పంపితే పక్కనున్న ఒడియా కుర్రాడితో ఒడియాలో కూడా రాయించండి.