టెన్నిస్ ఎల్బోకి బరువు దించే వ్యాయామం ఎలా చేయాలి?

పేరుకే టెన్నిస్ ఎల్బో. నా దగ్గరికి ఈ నొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది రాకెట్ ముట్టినవాళ్లు కాదు. రోజంతా మౌస్ పట్టుకునేవాళ్లు, స్క్రూలు బిగించేవాళ్లు, బట్టలు పిండేవాళ్లు. మోచేయి బయటివైపు ఉండే ఎముక బుడిపెను వేలితో నొక్కితే ప్రాణం విలవిల్లాడుతుంది. అరచేయి కిందికి పెట్టి కుర్చీ ఎత్తబోతే పట్టు జారిపోతుంది. మణికట్టును పైకి లేపే కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) ఆ బుడిపె దగ్గరే ఎముకకు అతుక్కుని ఉంటుంది. మోయగలిగిన దానికంటే ఎక్కువ పని పడీ పడీ దాని పోగులు దెబ్బతింటాయి.

కింద పడ్డాక మొదలైన నొప్పి, వాపు, జ్వరం, వేళ్లలో తిమ్మిరి, చేయి పూర్తిగా చాపలేకపోవడం ఉంటే ఈ వ్యాయామం ఆపి ముందు డాక్టర్‌కి చూపించుకోండి. నొప్పి మోచేయి లోపలివైపు ఉంటే అది గోల్ఫర్స్ ఎల్బో. దానికి అరచేయి పైకి తిప్పి చేయాలి.

కావలసినవి బల్ల, కుర్చీ, అర లీటరు నీళ్ల సీసా. డంబెల్ వద్దు. సీసాలో అయితే నీళ్లు కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. మొదట సగమే నింపండి.

కూర్చుని ముంజేతిని బల్లకు ఆనించండి. మణికట్టు దగ్గర నుంచి చేయి బల్ల అంచు దాటి బయటికి రావాలి, అరచేయి నేలవైపు ఉండాలి. సీసా పట్టుకోండి. ఇప్పుడు రెండో చేత్తో ఈ చేతిని పైకి లేపి, ఆ రెండో చేతిని తీసేయండి.

ఇక దించడం. పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే పాడుచేస్తారు. లేపడానికి రెండో చేయి ఎందుకంటే, నొప్పి ఉన్న చేతికి దించే పని ఒక్కటే ఇవ్వాలి కాబట్టి. కండరం సాగుతూ బరువును ఆపే ఆ కొద్ది సెకన్లలోనే టెండన్‌కి కావలసిన పని దొరుకుతుంది. నిదానంగా ఐదు లెక్కపెట్టండి. మూడు దాకా అందరూ బాగానే దించుతారు, తర్వాత చేయి ధబీమని పడిపోతుంది. చివరి రెండు అంకెలే ముఖ్యం. సీసాలో నీళ్లను చూడండి: అవి ఎగిసిపడుతున్నాయంటే మీరు తొందరపడుతున్నట్టే. వేలి కణుపులు తెల్లబడేంత గట్టిగా పిడికిలి బిగించకండి, బుడిపె దగ్గర అనవసరంగా భారం పెరుగుతుంది. భుజం చెవివైపు లేస్తోందేమో కూడా చూసుకోండి.

నొప్పి పుడుతుంది, భయపడకండి. పదికి మూడు, నాలుగు దాకా ఫర్వాలేదు. అంతకు మించితే నీళ్లు తగ్గించండి. అసలైన పరీక్ష మర్నాడు పొద్దున్న. బ్రష్ పట్టుకున్నప్పుడు నిన్నటికంటే ఎక్కువ నొప్పి ఉంటే ఆ రోజు మానేసి, తర్వాతి రోజు బరువు సగం చేయండి.

పదిహేను సార్లు, నిమిషం ఆగి మళ్లీ, అలా మూడు విడతలు. రోజుకు ఒకసారి చాలు.

మొదటి రెండు వారాల్లో పెద్ద మార్పు కనిపించకపోవచ్చు. సరిగ్గా అప్పుడే చాలామంది వ్యాయామం మానేసి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కోసం పరుగెత్తుతారు. నాకు బాధ కలిగేది ఇదే. ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఏడాది పాటు గమనించిన అధ్యయనాల్లో ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకే నొప్పి తిరగబెట్టడం ఎక్కువ. కట్టు కట్టుకుని నెలల తరబడి చేయి కదపకుండా ఉంచుకోవడమూ అంతే, కండరం ఇంకా నీరసపడుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టండి. ఈలోగా బరువులు ఎత్తాల్సి వస్తే అరచేయి పైకి ఉండేలా, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టి ఎత్తండి. ఎల్బో స్ట్రాప్ వాడితే బుడిపె మీద కాదు, దానికి రెండు వేళ్ల వెడల్పు కింద కండ మీద బిగించాలి.

నిండు సీసాతో మూడు విడతలూ నొప్పి లేకుండా పూర్తయితే లీటరు సీసాకు మారండి, అదీ సగం కంటే కాస్త ఎక్కువ నీళ్లతో. అది కూడా తేలికయ్యాక లేపడానికి రెండో చేయి సాయం తీసేయండి.