సోఫీ షోల్ చివరి దారిలో: మ్యూనిక్‌లో ఒక రోజు నడక

హిట్లర్ పాలనకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచి మరణశిక్షకు గురైన జర్మన్ విద్యార్థిని సోఫీ షోల్ స్మారకాలు మ్యూనిక్‌లో అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. ఏది దగ్గరైతే అది ముందు చూసేస్తే చివరికి ఏదీ మనసులో నిలవదు. 1943 ఫిబ్రవరి 18 గురువారం నుంచి 22 సోమవారం దాకా ఆమె ఏ వరుసలో వెళ్లిందో ఆ వరుసలోనే వెళ్లండి. ఆమెకు శిక్ష వేసిన కోర్టు శని, ఆదివారాల్లో మూసి ఉంటుంది కాబట్టి పనిదినమే ఎంచుకోండి. కోర్టు గుమ్మంలో తనిఖీ ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి.

ఉదయం తొమ్మిదింటికి గిజెలాస్ట్రాసె మెట్రో స్టేషన్‌లో దిగండి. ఫ్రాంజ్ జోసెఫ్ వీధి 13వ నంబరు ఇంటి వెనక భాగంలో సోఫీ, అన్న హాన్స్ అద్దెకుండేవారు. గోడమీది ఫలకం చదివి కదలండి, లోపల కాపురాలున్నాయి.

అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి పావుగంట నడక. గుమ్మం ముందు నేలలో పరిచిన కాగితాలు చెత్త అనుకుని చాలామంది తొక్కుకుంటూ పోతారు. అవి రాళ్ల మధ్య అతికించిన కరపత్రాల నమూనాలు, వంగి చూడండి. లోపలికెళ్లి మెట్లెక్కి, పై అంతస్తు పిట్టగోడ దగ్గర కాసేపు నిలబడండి. తరగతులు వదిలే ముందు, ఖాళీగా ఉన్న వసారాల్లో అన్నాచెల్లెళ్లు కరపత్రాల కట్టలు పెట్టారు. మిగిలినవాటిని సోఫీ ఇక్కణ్నుంచే కిందికి తోసింది. యాకోబ్ ష్మిడ్ అనే ఉద్యోగి చూసి పట్టించాడు. హాన్స్ జేబులో దొరికిన కరపత్రం చిత్తుప్రతి వల్ల, దాన్ని రాసిన వాళ్ల స్నేహితుడు, ముగ్గురు పిల్లల తండ్రి క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్ కూడా చిక్కాడు.

కింది అంతస్తులోని వైట్ రోజ్ (వీళ్ల బృందం పేరు) ప్రదర్శనకు టికెట్ లేదు, కనీసం గంట కేటాయించండి. కరపత్రాలు సోఫీ రాసిందని చాలాచోట్ల చెబుతారు, అది పొరపాటు. మొదటి నాలుగూ హాన్స్, అతని స్నేహితుడు అలెగ్జాండర్ ష్మోరెల్ రాశారు. ఆరోది ప్రొఫెసర్ కుర్ట్ హూబర్‌ది. సోఫీ చేసింది అంతకు తక్కువ పనేమీ కాదు. కాగితం, కవర్లు, స్టాంపులు సమకూర్చడం, డబ్బు లెక్క చూడటం, చేత్తో తిప్పే సైక్లోస్టైల్ యంత్రం మీద తీసిన ప్రతులను రైల్లో ఆగ్స్‌బర్గ్, ఉల్మ్, స్టుట్‌గార్ట్‌లకు చేరవేయడం. స్టాంపులన్నీ ఒకే పోస్టాఫీసులో కొంటే అనుమానం వస్తుంది, అందుకే విడివిడిగా కొనేవారు. పట్టుబడితే ప్రాణం పోయే పని ఇదే.

ట్యుర్కెన్ వీధి వెంట దక్షిణంగా ఇరవై నిమిషాలు నడిస్తే బ్రియెన్నర్ వీధి మూల వస్తుంది. నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆమెను విచారించిన విటెల్స్‌బాఖర్ భవనం ఉండిన చోటు అదే. ఆ భవనం ఇప్పుడు లేదు. దానికోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోకండి.

కార్ల్స్‌ప్లాట్జ్ పక్కనున్న న్యాయభవనానికి మధ్యాహ్నం రెండు దాటకుండా చేరుకోండి. 253వ గదిలో చిన్న ప్రదర్శన ఉంది. బెర్లిన్ నుంచి వచ్చిన న్యాయాధిపతి ఫ్రైస్లర్ ఫిబ్రవరి 22న ముగ్గురికీ మరణశిక్ష వేశాడు. అదే సాయంత్రం ఐదింటికి స్టాడెల్‌హైమ్ జైల్లో గిలటిన్ కింద శిక్ష అమలు చేశారు. సోఫీకి అప్పటికి 21 ఏళ్లు. కన్నవాళ్లకు ఆఖరిచూపు ఆ జైల్లోనే దక్కింది.

జైలు ఇప్పటికీ నడుస్తోంది, లోపలికి పోనివ్వరు, కెమెరా బయటికి తీయకండి. దాని పక్కనే సోఫీ సమాధి ఉన్న పెర్లాఖర్ ఫోర్స్ట్ శ్మశానం. ష్వాన్‌సీస్ట్రాసె వెళ్లే ట్రామ్ ఎక్కి చివరి స్టాపులో దిగండి. తెల్ల గులాబీలు పెట్టాలనుకుంటే ట్రామ్ ఎక్కకముందే కొనండి, ప్లాస్టిక్ కవరు తీసేసి పెట్టండి. సమాధి నంబరు 73-1-18/19 రాసుకెళ్లండి. శ్మశానం పెద్దది, నంబరు లేకుండా వెతికితే చీకటి పడుతుంది.

1943 జులై 13న ఇదే జైల్లో చంపిన ష్మోరెల్ సమాధి కూడా ఈ శ్మశానంలోనే, 76-1-26 దగ్గర ఉంది. 2012లో రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఆయన్ని సాధువుగా ప్రకటించింది. శ్మశానం పక్కనే ఉన్న రష్యన్ ఆర్థడాక్స్ చర్చి భవనం తలుపు తెరిచి ఉంటే, లోపల ఆయన పటం చూడవచ్చు.